బొంతకు మాసిక

మన విమర్శకులు ఒక గ్రంథమును తూలనాడదలచినప్పుడు 'ఇది అతుకుల బొంత' అందురు. ఆ మాట పలికిన పిదప వేరు నిరూపణము అక్కరలేనట్లు కలము దించెదరు. అనువాదములు చేయువాడనగుటచే ఈ నింద నా చెవిని పలుమారులు పడినది. పడిన ప్రతిసారియు నాకు ఒక సందేహము కలుగుచుండెను: ఈ మాట అనువారిలో బొంత కుట్టినవారు, కనీసము కుట్టుచుండగా దగ్గర కూర్చుండి చూచినవారు ఎందరు? బొంతకు అతుకు దోషము కాదు; అతుకులు లేనిదే బొంతయే లేదు. బొంతకు నిజమైన ఆపద వేరొకటి కలదు. అది గాటు. గాటు పడినప్పుడు మనవారేమి చేయుచుండిరి, ఆ పనిని పూర్వులు ఏ కంటితో చూచిరి అనునది విచారింపదగిన విషయము.

సంస్కృతమున దీనికి కంథ యని పేరు. వంగదేశపు కాంథా, ఛత్తీస్‌గఢ్ పల్లెల కథరీ ఆ మాట సంతతియే. భజగోవింద స్తోత్రములోని యోగి ధరించినది వీధిలో దొరకిన పేలికలతో కుట్టిన కంథయే. కనుక కంథకు తొలినుండియు రెండు బ్రతుకులు: పేదకు అది చలి కాచునది, విరాగికి అది విరాగ చిహ్నము. కథరీ కప్పుకొని నేయి త్రాగువాడని ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున ఒక సామెత కలదు; లోపల కలిమి ఉంచుకొని పైకి లేమి నటించువానిని గూర్చిన ఎత్తిపొడుపు. కథరీ యనిన పేదరికమని అందరును అంగీకరించిన దేశములోనే అట్టి సామెత పుట్టును.

కుట్టుపని మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. ఋగ్వేదము రెండవ మండలమున రాకా యను దేవతను, తెగని సూదితో తన పనిని కుట్టుమని ఋషి ప్రార్థించినాడు. చినిగినదానిని కుట్టి బాగుచేయువానికి తున్నవాయుడని పేరు; అమరసింహుడు ఆ పేరును తన కోశమున చేర్చినాడు. పారసీకము నుండి రఫూ యను మాట మనకు వచ్చుటకు ఎన్నో శతాబ్దులకు ముందే ఆ పని ఇచ్చట ఉండినది. అయితే పని ఉండుట వేరు, దానికి మన్నన ఉండుట వేరు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున, ఎవరి అన్నము తినరాదో చెప్పు పట్టికలో, నటునితోపాటు తున్నవాయుడును చేరినాడు. చినిగిన గుడ్డను కుట్టించుకొనవచ్చును గాని కుట్టినవాని కూడు ముట్టరాదు!

దీనికి ఎదురుగా నిలువదగినది బౌద్ధుల వినయపిటకమున, మహావగ్గములోని చీవర ప్రకరణమున కలదు. భిక్షువునకు మూడు చీవరములు విధింపబడినవి: సంఘాటి రెండు పొరలది, తక్కిన రెండును ఒంటి పొరవి. ఒక భిక్షువు అంతర్వాసకమునకు చిల్లి పడినది. మాసిక వేయుదమా యని అతడు తలచెను. కాని అట్లు వేసినచో మాసిక పడినంత మేర గుడ్డ రెండు పొరలగును గదా! ఒంటి పొరగా ఉండవలసిన వస్త్రము కొంత మేర జంట పొరయైనచో అది విధికి లోబడినదా, మీరినదా? ఈ శంక మనకు నవ్వు పుట్టింపవచ్చును. మూడు వస్త్రములకు మించి ఎరుగని వానికి అది నవ్వు కాదు. తుదకు అతడు సూది చేతబట్టెను. వసతులను చూచుచు ఆ వైపు వచ్చిన బుద్ధుడు, ఏమి చేయుచున్నావని అడిగెను. మాసిక వేయుచున్నానని భిక్షువు బదులు చెప్పెను. బుద్ధుడు అతనిని మెచ్చుకొనెను. మెచ్చుకొని ఊరకుండలేదు, భిక్షువులందరకును మాసికను, చినిగినచోటి కుట్టును, మడత కుట్టును, గట్టిదనము కొరకు వేయు కుట్టును పేరుపేరున అనుమతించెను. పాళి భాషలో మాసికకు అగ్గళమనియు, కుట్టునకు తున్నమనియు వ్యవహారము.

ఒక మహామతము తన ధర్మశాస్త్రములో మాసికకు ఇంత చోటిచ్చుట చిన్న సంగతి కాదు. చీవరమే ముక్కలు చేర్చి కుట్టినది. మగధలో గట్లు వేసి మళ్లుగా విభజించిన పొలమును చూపి, అట్టి అమరికతో చీవరము కుట్టగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగినట్లు ఆ ప్రకరణమే చెప్పుచున్నది. అతుకుల బొంతకు ఇంతకన్న గొప్ప వంశావళి ఎక్కడ దొరకును?

ఈ విధులు పుస్తకములో మిగిలిపోయినవి కావు. మహానదీ తీరమున, నేటి రాయపూరుకు తూర్పున ఉన్న సిర్పూరులో 1950వ దశకమున మోరేశ్వర దీక్షిత్ ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగి, మహాశివగుప్త బాలార్జునుని కాలమున ఆనందప్రభుడను భిక్షువు కట్టించిన విహారము బయటపడినది. ఏడవ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కళింగము నుండి కోసలమునకు, అచ్చటినుండి ఆంధ్రమునకు, ధాన్యకటకమునకు నడచెను. ఆ కోసల రాజధాని సిర్పూరే యని పలువురు చరిత్రకారుల తలంపు. కోసలమును, మన కృష్ణాతీరమును కలిపిన దారి అది. ఆ దారి పొడవున మాసికలు వేసిన చీవరములు నడచినవి.

గృహస్థుల బొంతకు కావ్యగౌరవము చాల ఆలస్యముగా లభించినది. 1929లో వంగకవి జసీముద్దీన్ 'నక్షీ కాంథార్ మాఠ్' వ్రాసినాడు. భర్తకు దూరమైన పల్లెపడుచు తన బ్రతుకునంతటిని ఒక బొంతపై కుట్టి, దానిని తన సమాధిపై పరవుమని కోరుట అందలి కథ. ఈ.ఎం. మిల్‌ఫర్డ్ దానిని ఆంగ్లమున అనువదించెను. 1939లో స్టెల్లా క్రామ్రిష్ కాంథాను గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము వ్రాసి, పాత చీరల పొరలు కళాచరిత్రకు అర్హములని చాటెను. మన తెలుగు బొంతకు అట్టి కవియు, అట్టి పండితురాలును లభింపలేదు. దూది ఏకిన దూదేకులవారి నుండి వీరబ్రహ్మము శిష్యుడు సిద్దయ్య వచ్చినాడని గర్వముగా చెప్పుకొందుము. ఆ ఏకిన దూది ఏ బొంతలో చేరినదో చెప్పుకొనము.

బొంత మూడు అంతస్తులది: మీది గుడ్డ, నడుమ దూది లేక పాత చీరల మడతలు, అడుగున అస్తరు. మూడింటిని పట్టి ఉంచునది ఆ కొసనుండి ఈ కొసవరకు పోవు కుట్టు. చిరుగును గాటును ఒకటి కావు. అరిగి చినిగినచోట చుట్టునున్న గుడ్డయు బలహీనమే. కత్తెర పడినచోట చుట్టునున్న గుడ్డకు లోపము లేదు. పడుగో పేకయో ఒక వరుసలో తెగినది, అంతే. పోయినదేమియు లేదు. కాని దులిపిన ప్రతిసారియు గాటు సాగును, దూది వెలికివచ్చును. ఐమూలగా పడిన గాటు మరింత వేగముగా సాగును.

రాయపూరులో పండరీ బట్టల బజారు చెంత దేవేంద్ర నగర్ అను పేట కలదు. విజయనగరమునుండి రాయపూరుకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. భిలాయి ఉక్కు కర్మాగారపు మొదటి కొలిమి 1959లో వెలిగినది. ఈ రెంటి వెనుక తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమునకు చేరినవి. అట్టి ఒక ఇంట, బొబ్బిలి వైపునుండి వచ్చిన వృద్ధురాలి బొంతకు గాటు పడగా నేను చూచినాను. మనుమరాలు బొంతపై కూర్చుండి రంగు కాగితము కత్తిరించుచు, కాగితముతోపాటు క్రింది గుడ్డను కూడ రెండంగుళముల మేర కత్తిరించినది. క్రొత్త రజాయి కొందమని కొడుకు అనెను. పండరీలో పాలియెస్టరు దూది నింపిన రజాయిలు చవుకగానే దొరకును. ముందు రఫూ చేయువానికి చూపినారు. అతడు వ్రేళ్లతో తడవి చూచి, ఇది తన పని కాదని తిప్పి పంపెను. అతని మాట నిజమే. రఫూ శాలువలకు, కోటులకు చెల్లును. తెగిన చోటున పడుగు పేకలను మరల నేసి, చూపరికి జాడ తెలియకుండ చేయుట దాని గొప్ప. 1820వ దశకమున కాశ్మీరమునకు పోయిన మూర్‌క్రాఫ్ట్, వేరువేరుగా నేసిన శాలువ ముక్కలను రఫూగరులు ఒకటిగా కలుపు తీరు చూచి వర్ణించినాడు. కాని బొంత గుడ్డ ఎన్నో ఉతుకులు చూచినది. క్రొత్త పోగు బిగువును అది ఓర్వలేదు.

వృద్ధురాలు తానే పూనుకొన్నది. వెలికివచ్చిన దూదిని వ్రేలితో లోనికి నెట్టి, పాత దిండుగలీబునుండి గాటుకన్న అన్నివైపుల ఒక అంగుళము పెద్దదిగా ముక్క తీసి, మూలలు గుండ్రముగా కత్తిరించినది. మూల మిగిలినచో అదియే మొదట లేచునట. ముక్క పడుగును గుడ్డ పడుగునకు సరిచూచి, గాటులోనుండియే లోనికి జొనిపి, దూదికిని మీది గుడ్డకును నడుమ చదునుగా పరచినది. గాటు అంచులను ఒకదానిపై నొకటి ఎక్కింపలేదు. ఎక్కించినచో ఆ చోట గుడ్డ ముడుతపడును. రెండంచులను ఎదురెదురుగా దగ్గర చేర్చి, ఒంటి దారముతో సన్నగా మాసికకు కుట్టినది. పిమ్మట పాత కుట్టు వరుసలను పట్టుకొని మూడు పొరలను దాటునట్లు కుట్టు సాగించినది. లేనిచో దూది ఒకచోట గడ్డకట్టును.

క్రొత్త గుడ్డ ఏల వేయలేదని అడిగినాను.

"కొత్తది ఉతుకులో ముడుచుకుంటుంది బాబూ. ముడుచుకుని పక్కనున్న పాతదాన్ని లాగి చింపేస్తుంది. దారమూ అంతే, గుడ్డకన్నా గట్టిదైతే గుడ్డనే కోస్తుంది."

మార్కు సువార్త రెండవ అధ్యాయమున క్రీస్తు పాత వస్త్రమునకు క్రొత్త గుడ్డ మాసికను గూర్చి చెప్పిన దృష్టాంతము ఈ అనుభవము మీదనే నిలిచినది. ఆ ఉపమానమునకు వ్యాఖ్యలు అనేకము కలవు. ఈమె చెప్పినంత సూటిగా చెప్పినది నా కంటబడలేదు.

మనుమరాలు హిందీ బడిలో చదువుచున్నది. మాసిక యన్న మాట ఆ పిల్లకు క్రొత్త. హిందీలో 'మాసిక్' అనగా నెలనెలా జరుగునది. "మాసిక్ అంటే నెలకోసారి వచ్చేది కదా, మామ్మా?" అని అడిగినది.

వృద్ధురాలు దారము కొరికి, "నీ చేతిలో కత్తెర ఉంటే అంతేనమ్మా, నెలకోసారి వెయ్యాల్సిందే" అనెను.