సికింద్రాబాదు దండులో ‘టామీ’: ఒక కుదింపు పదం అర్థచరిత్ర

బ్రిటిష్ సేనలోని సామాన్య సిపాయికి ఆంగ్ల వ్యవహారంలో ‘టామీ’ అని పేరు. ఇది ‘టామీ అట్కిన్స్’కు కుదింపు, ఆ టామీ మళ్ళీ ‘థామస్’కు ముద్దుపేరు. 1815లో బ్రిటిష్ యుద్ధ కార్యాలయం సిపాయిల లెక్కల పుస్తకంలో నమూనా పత్రాలను పూరించి చూపడానికి థామస్ అట్కిన్స్ అన్న పేరును వాడింది. మన దస్తావేజు నమూనాల్లోని రామయ్య, సుబ్బయ్యల వంటివాడే అతడు. వెల్లింగ్టన్ తన కొలువులో గాయపడి మరణించిన ఒక సైనికుని పేరునే సూచించాడన్న కథ ప్రచారంలో ఉంది గాని, కాగితం మీది పేరుకు రక్తమాంసాలు కల్పించాలన్న కోరికే అందులో ఎక్కువగా కనిపిస్తుంది. 1890లో కిప్లింగ్ ఇదే పేరుతో కవిత రాశాడు. శాంతికాలంలో ఈసడింపు, యుద్ధకాలంలో పొగడ్త పొందే సిపాయి గొంతు అది.

1798 నాటి సైన్య సహకార సంధి అనంతరం హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిసిన దండుకు 1806లో నిజాం సికందర్ జా పేర సికింద్రాబాదు అని నామకరణం జరిగింది. ప్రజల నోట అది ‘లష్కర్’. తిరుమలగిరి బ్యారక్‌లలో తెల్ల సిపాయిలు తరాల తరబడి నివసించారు. లండన్ కాగితాల్లో అట్కిన్స్ పుట్టిన 1815లోనే, ఉజ్జయిని నుండి తిరిగివచ్చిన డోలీ మోతగాడు సురిటి అప్పయ్య ఇక్కడ మహంకాళిని ప్రతిష్ఠించాడని సంప్రదాయం చెబుతుంది. ఆ దండు మోతగాని పేరు బోనాల కథలో నిలిచింది. టామీ మాత్రం తెలుగునాట పెంపుడు కుక్కకు పేరయ్యాడు.

తెల్ల సిపాయిపై కసితోనే కుక్కకు ఆ పేరు పెట్టారన్న వివరణ ఆకర్షణీయమైనదే. అయితే జిమ్మీ, జానీ కూడా మన కుక్కల పేర్లే. అవి జేమ్స్, జాన్‌ల ముద్దురూపాలు. సిపాయికి జాతిపేర్లుగా టామీ అంతటి వాడుక వాటికి లేదు. రెండక్షరాలు, చివర ఈకారం, దూరం నుండి పిలిచేటప్పుడు సాగదీయడానికి అనువు: ఈ మూడు పేర్లకూ ఉమ్మడిగా ఉన్నవి ఇవే. కనుక కసి కంటే పిలుపు సౌలభ్యాన్నే ప్రధాన కారణంగా గ్రహించడం సమంజసం. లారీవాళ్ళ ‘టామీ రాడ్డు’ ఆంగ్లంలోని ‘టామీ బార్’కు బంధువు. ‘టామీ గన్’ దారి వేరు, దాని మూలం థాంప్సన్ అన్న ఇంటిపేరు.

ధ్వనిపరంగా మరొక విశేషం గమనార్హం. ఆంగ్ల దంతమూలీయ ధ్వనిని తెలుగు చెవి మూర్ధన్యంగా గ్రహించడం వల్ల ‘టామీ’లో టకారం వచ్చింది. తెలుగు బైబిలులో అదే పేరు దంత్య తకారంతో ‘తోమా’. సికింద్రాబాదులోని పాత చర్చి పేరులో అది ‘థామస్’. ఈ మూడింటికీ మూలమైన అరమాయిక్ పదానికి ‘కవలవాడు’ అని అర్థం.