ఏటి ఇసుకలో బంగారం కడిగిన సోన్‌ఝరాలు

రాయపూర్ నగరం నడిబొడ్డున జయస్తంభ్ చౌక్ ఉంది. 1857 డిసెంబరు 10న ఆంగ్లేయులు నారాయణసింగ్ అనే జమీందారును రాయపూర్‌లో ఉరితీశారు. 1856 నాటి కరువులో ఒక వర్తకుడి ధాన్యపు కొట్టు తెరిపించి జనానికి పంచాడన్నది ఆయనపై మొదట వచ్చిన నేరారోపణ. ఆయన జమీందారీ పేరు సోనాఖాన్, అంటే బంగారు గని. గింజల కోసం తిరగబడిన ఊరికి బంగారు గని అన్న పేరేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ పేరు ఉత్తినే వచ్చింది కాదు.

సోనాఖాన్ పూర్వపు రాయపూర్ జిల్లాలోది. 2012 నుంచి బలోదాబజార్ జిల్లాలో ఉంది. అక్కడి శిలలు 200 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. వాటి పగుళ్ళలోని పలుగురాతి చారల్లో బంగారం చిక్కుకుని ఉంది. ఎండకూ వానకూ రాయి చివికిపోతే బంగారం మాత్రం తుప్పు పట్టదు, కరగదు. రేణువులై వాగుల్లోకీ, జోంక్ నదిలోకీ, అక్కడి నుంచి మహానదిలోకీ చేరుతుంది.

ఈ రేణువులను కడిగి బతికినవారే సోన్‌ఝరాలు. 'సోనా' అంటే బంగారం, 'ఝార్నా' అంటే దులపడం, జాడించడం. 1916లో వెలువడిన మధ్యపరగణాల కులాల గ్రంథంలో రస్సెల్, హీరాలాల్‌లు వీరిని గోండుల నుంచి విడివడిన చిన్న శాఖగా పేర్కొన్నారు. మనకూ ఈ పని కొత్తది కాదు. మట్టిని కడిగి లోహపు తునకలు ఏరడానికి తెలుగులో 'జలగడుగు' అనే మాటే ఉంది.

వారి పనిముట్టు లోతు తక్కువైన చెక్క తొట్టి. అందులో ఇసుకా నీళ్ళూ పోసి గుండ్రంగా తిప్పుతారు. తేలిక ఇసుక అంచు మీదుగా జారిపోతుంది. అడుగున నల్లని ఇసుక మిగులుతుంది. అది ఎక్కువగా అయస్కాంత గుణం గల ఇనుప ఖనిజం. దాని మధ్య పసుపు చుక్కలు కనబడితే ఆనాటి కూలి గిట్టినట్లే!

ఇందులోని కిటుకును లెక్క వేసి చూడండి. బంగారం సాంద్రత 19.3, ఇసుకది 2.65. అంటే బంగారం సుమారు ఏడు రెట్లు బరువు. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువు మేరకు తేలికవుతుందని ఆర్కిమెడిస్ చెప్పాడు కదా! రెండింటిలోంచీ ఒకటి తీసివేయండి: 18.3, 1.65. ఇప్పుడు తేడా పదకొండు రెట్లు. పొడిగా చెరిగే దానికన్నా నీటిలో కడగడం మేలైనది అందుకే. ఇంట్లో పళ్ళెంలో ఇసుక, కాస్త ఇనుపరజను వేసి ప్రయత్నించండి. పది నిమిషాల్లో ఒడుపు చిక్కితే మీరు గట్టివారే.

ఎక్కడ తవ్వాలో తెలియడం మాత్రం అంతకన్నా కష్టమైన విద్య. ప్రవాహం మందగించిన చోటే బరువైన రేణువు దిగబడుతుంది. నది మలుపు లోపలి ఒడ్డు, పెద్ద బండ వెనుక, నేలరాతి పగుళ్ళు ఇలాంటి చోట్లు. వరద వచ్చిన ప్రతిసారీ ఈ పటం మారిపోతుంది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన వాలెంటైన్ బాల్ 19వ శతాబ్దంలో సింగ్‌భూమ్ ప్రాంతంలో బంగారం కడిగేవారిని వెంటబెట్టుకుని వాగు వాగునా ఇసుక కడిగించాడు. ఏ రకం శిలల మీదుగా పారే వాగులో బంగారం ఎక్కువో అలా తేల్చాడు. ఆయన గొప్పతనం సరే, ఆ తొట్టి తిప్పిన చేతుల పాలు కూడా అందులో తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. 1848 జనవరి 24న కాలిఫోర్నియాలో జేమ్స్ మార్షల్ ఒక రంపపు మిల్లు కాలువలో బంగారం చూశాడు. వేలాది మంది పరుగెత్తారు. రేణువులను పట్టడానికి పాదరసాన్ని నదుల్లో గుమ్మరించారు. తర్వాతి కాలంలో బంగారం వెతకడం అక్కడ సెలవురోజు సరదాగా మారింది. ఇంజనుకు గొట్టం తగిలించి నదీగర్భాన్ని పీల్చే యంత్రాలు వచ్చాయి. అవి చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళను కదిలిస్తాయి, పాత పాదరసాన్నీ పైకి లేపుతాయి. అందుకే 2009లో కాలిఫోర్నియా వాటిని నిలిపివేసింది. చెక్క తొట్టికి ఆ శక్తి లేదు. నష్టమూ ఆ మేరకు తక్కువే.

సోన్‌ఝరాలకు ఇది సరదా కాదు, కూడు. కానీ 1957 నాటి గనుల చట్టం చూసేది పట్టాలు, లీజులనే. 2016 ఫిబ్రవరిలో సోనాఖాన్ ప్రాంతంలోని బాఘ్‌మారా బంగారు గనిని వేలం వేశారు. దేశంలో బంగారు గని వేలం అదే మొదటిది. వేదాంత సంస్థ దాన్ని దక్కించుకుంది. అక్కడ సుమారు 2,700 కిలోల బంగారం ఉండవచ్చని అప్పటి అంచనా. తరతరాలుగా ఆ వాగుల ఇసుకలో బంగారం ఉందని తొట్టెలో చూపినవారికి ఆ వేలంలో పాడే తాహతు ఎక్కడిది?