అద్దె గుమ్మం, తీగ గులాబీ

మొన్న సెప్టెంబరులో నాలుగోసారి ఇల్లు మారాం. గుమ్మం పక్క గ్రిల్‌కి కట్టిన గులాబీ కొమ్మల్ని ఒక్కొక్కటే విప్పుతుంటే, సామాన్లు ఎక్కించే కుర్రాడు "ఇది కూడానా మేడమ్?" అన్నాడు. ఆరేళ్ళ కొమ్మలు. రెండు విరిగాయి. అమ్మ వాటిని ఏరుతూ "నేల ఎరగని చెట్టు, పాపం" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేల ఎరగనిది చెట్టొక్కటేనా!

తర్వాత, డబ్బాలు విప్పకుండా పుస్తకాల ముందు కూర్చున్న రోజుల్లో తెలిసింది ఏమిటంటే, ఈ చెట్టు పూర్వీకులు కూడా కుండీల్లోనే ప్రయాణం చేశాయి. ఐరోపాలో పాకే గులాబీలు ముందునుంచీ ఉన్నాయి గానీ, వాటిలో దాదాపు అన్నీ ఏడాదికి ఒక్కసారి పూసి ఊరుకునేవే. మళ్ళీ మళ్ళీ పూసే గుణం చైనా గులాబీలది. కాంటన్ రేవులో విదేశీ వర్తకుల్ని ఇరుకైన ఒక పేటలోనే ఉంచేవారు. బయటికి వెళ్ళడానికి వాళ్ళకి అనుమతి ఉన్న కొద్ది చోట్లలో నది అవతలి ఫా-టీ తోటలు ఒకటి. ఫా-టీ అంటే పూలనేల. పేరుకే నేల, నిజానికి అమ్మకానికి వరసలుగా పేర్చిన కుండీలు. అంటే నర్సరీయే. వాళ్ళు బేరమాడి కొన్న మొక్కలు ఓడ డెక్కు మీదికి ఎక్కేవి.

ఆపైన నెలల తరబడి ప్రయాణం. ఉప్పునీటి తుంపర, తాగడానికే చాలని మంచినీళ్ళు. కాంటన్‌లో కంపెనీ వైద్యుడు జాన్ లివింగ్‌స్టన్ 1819లో రాసిన లెక్క చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఇంగ్లండుకి బతికి చేరే ఒక్కో మొక్కకి దారిలో వెయ్యి చచ్చిపోతున్నాయని ఆయన అంచనా. మధ్యలో కలకత్తా తోట ఒక మజిలీ. అన్నట్టు, 1793లో ఆ తోట బాధ్యత తీసుకున్న విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలో కంపెనీ తోట నడిపినవాడే. ఫ్రెంచివాళ్ళయితే చైనా గులాబీలకి 'బెంగాల్ గులాబీ' అని పేరే పెట్టేశారు. అద్దెకున్న ఊరే సొంతూరైపోయింది!

1824లో జాన్ పార్క్స్ చైనా నుంచి లేతపసుపు రంగు టీ గులాబీని లండన్ చేర్చాడు. అది పాకే రకం. మొక్కల్ని గాజుపెట్టెల్లో మూసి పంపే నథానియల్ వార్డ్ పద్ధతి ఓడెక్కింది 1833లో. అంటే పార్క్స్ మొక్క వెయ్యిలో ఒకటిగా గట్టెక్కిందే.

ఇక ఎంపిక సంగతి. మొదటి ఇంట్లో నర్సరీవాడు "క్లైంబరే అమ్మా" అన్నాడని ఏదో తెచ్చుకున్నాను. రెండేళ్ళు ఆకులే. గట్టిగా కత్తిరిస్తే పొద అయి కూర్చుంది. పొద గులాబీల నుంచి పుట్టిన పాకే రకాలు అలా వెనక్కి మళ్ళడం మామూలేనట. మరి నిజంగా ఎగబాకే జాతులున్నాయి. 1882లో జార్జ్ వాట్ మణిపూర్ కొండల్లో చూసిన రోజా జైగాంటియా పెద్ద చెట్ల కొమ్మల దాకా వెళ్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగం చేసి, అది వదిలేసి కొడైకెనాల్‌లో గులాబీలు సంకరం చేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఆ జాతినుంచి తీసిన ఒక రకానికి 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని పేరు పెట్టారు. సరోజినీ నాయుడి 1905 నాటి కవితల పుస్తకం పేరు అది, నాంపల్లిలో వాళ్ళింటి పేరు కూడా. బంగారు గడప! పేరు చూసి మనసు పోయింది గానీ, జైగాంటియా రక్తమున్నదాన్ని కుండీలో పెట్టడం ఏనుగుని లిఫ్టులో ఎక్కించడమే.

చివరికి 1950లలో కాలిఫోర్నియాలో వాల్టర్ లామర్ట్స్ తయారుచేసిన 'గోల్డెన్ షవర్స్'తో సర్దుకున్నాను. ఎనిమిది పదడుగులు పెరుగుతుంది. ముళ్ళు తక్కువ, గుమ్మం దగ్గర చీరలూ చున్నీలూ బతుకుతాయి. అడుగున బెజ్జాలు పెట్టిన సగం నీలం డ్రమ్ములో, అడుగున్నర లోతు మట్టిలో ఉంది. తీగ గులాబీ అంటాం గానీ అది తీగ కాదు. కాకరకున్నట్టు నులితీగలుండవు, మనం కట్టకపోతే వాలిపోతుంది. నిటారుగా కడితే కొసన మాత్రమే పూస్తుంది. కొమ్మని అడ్డంగా వంచి కడితే కణుపు కణుపుకీ ఒక చిగురు లేచి పూస్తుంది. ఇది తెలియక రెండేళ్ళు పాడుచేసుకున్నాను. హైదరాబాద్ ఎండల్లో పడమటి గోడ కుండీని ఉడకబెడుతుంది కాబట్టి తూర్పు గుమ్మం దొరికే ఇల్లు వెతికాం. అమ్మకి వాస్తు అని చెప్పాను.

కొత్తింటికి గ్రిల్ లేదు. గోడకి మేకులు కొట్టొద్దని ఓనరుగారు ముందే చెప్పారు. రెండు వెదురు గడలు డ్రమ్ములోనే గుచ్చి, వాటికి అడ్డంగా జనపతాడు కట్టాం. అక్టోబరు మొదటివారంలో పక్కరెమ్మల్ని రెండు మూడు కణుపులు ఉంచి కత్తిరించాను. విరిగిన రెండింటి ముక్కల్ని అమ్మ ఎప్పుడు తీసిందో తీసి, పెరుగు డబ్బాల్లో గుచ్చింది. ఏడింటిలో ఒకటి చిగురేసింది. ఆ డబ్బాని ఎవరూ కదపకూడదట.