బస్సెక్కని ఊరు: మాంట్‌గోమరీ 381 రోజులు

మాంట్‌గోమరీ అనగానే మన సభల్లో రోజా పార్క్స్ పేరూ, మార్టిన్ లూథర్ కింగ్ పేరూ చెప్పి ఊరుకుంటాం. 1955 డిసెంబర్ 5 నుంచి 1956 డిసెంబర్ 20 దాకా బస్సు ముట్టుకోకుండా ఆ ఊరి నల్లజాతి జనం రోజూ పనికి ఎట్లా పోయి వచ్చారు? ఈ ప్రశ్న మనం పెద్దగా వేసుకోలేదు.

బస్సెక్కే వాళ్ళలో నూటికి 75 మంది దాకా నల్లవాళ్ళే. వాళ్ళలో చాలామంది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంటా, అంట్లూ, పిల్లల చాకిరీ చేసే ఆడవాళ్ళు. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలి. ఒక్కోసారి ఈలోపే బస్సు కదిలిపోయేది. మనకిదేం వింత కాదు. 1929లో చాళీస్‌గావ్ స్టేషన్లో అంబేద్కర్ దిగితే టాంగావాలా బండి తోలనన్నాడు. తోలడం రాని మహర్ మనిషి తోలితే, కల్వర్టు దగ్గర ఆయన రాళ్ళమీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్కడ వెనక సీటు, ఇక్కడ అసలు బండే లేదు.

మొదట్లో నల్ల టాక్సీవాళ్ళు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే, జనాన్ని ఎక్కించుకున్నారు. 45 సెంట్లకు తగ్గితే కుదరదని అధికారులు పాత రూలు బయటికి తీశారు. 1953లో బాటన్ రూజ్ నల్లవాళ్ళు బస్సులు మానేసి సొంత కార్లు తిప్పిన అనుభవం అప్పుడు అక్కరకొచ్చింది. దాదాపు 300 కార్లు, ఎక్కడానికి నలభైకి పైగా చోట్లు! చర్చీలు స్టేషన్ వాగన్లు కొన్నాయి. చిన్నదానికీ పెద్దదానికీ పోలీసులు చలాన్లు రాశారు. వాగన్ల ఇన్సూరెన్సు రద్దయితే లండన్ లాయిడ్స్ దాకా పోయి తెచ్చుకున్నారు. కారు అందనివాళ్ళు మైళ్ళకొద్దీ నడిచారు.

మేయర్ వద్దని మొత్తుకున్నా కొందరు తెల్ల ఇల్లాళ్ళు పనిమనుషుల్ని తమ కార్లలో తెచ్చుకున్నారు. దీన్ని ఉదారతగా రాసేవాళ్ళున్నారు. మాకైతే అంట్లు ఎవరు తోమాలన్న బెంగే ఎక్కువ కనిపిస్తోంది.

పెట్రోలుకి డబ్బు కావాలి గదా. జార్జియా గిల్మోర్ అనే వంటామె తోటి ఆడవాళ్ళతో కలిసి కోడికూరలూ, కేకులూ అమ్మి ప్రతి సభకూ డబ్బు తెచ్చేది. ఇచ్చినవాళ్ళ ఉద్యోగాలు ఊడకుండా ఆ గుంపుకి ‘ఎక్కడినుంచో వచ్చిన క్లబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. కింగ్ కేసులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె ఉద్యోగమే పోయింది.

పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, సీటు వదలనని అరెస్టయిన 15 ఏళ్ళ క్లాడెట్ కొల్విన్‌ని నాయకత్వం ముందుకు తేలేదు. పేదపిల్ల, ‘తగిన మొహం’ కాదనుకున్నారు. బస్సుల్లో వేర్పాటు చెల్లదని తేల్చిన బ్రౌడర్ కేసులో మాత్రం పార్క్స్ లేదు, కొల్విన్ ఉంది. మన ఉద్యమాల్లో వేదికెక్కే మొహాల్ని ఎవరు ఎంచుతున్నారో ఈ లెక్కన మనమూ చూసుకోవాలి.

1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఆ తీర్పుని ఖాయం చేసింది. అదేరోజు స్థానిక కోర్టు కార్లు తిప్పడాన్ని ఆపేసింది. ఉత్తర్వు కాగితం చేరేదాకా, నెలకు పైగా, ఎవరి పేటవాళ్ళు సర్దుకున్నారు, మిగతావాళ్ళు నడిచారు. డిసెంబర్ 21న బస్సెక్కారు. వారం తిరక్కముందే బస్సులమీద కాల్పులు జరిగాయి. ఒక గర్భిణి కాళ్ళకు తూటాలు తగిలాయి. సాయంత్రం బస్సులు కొన్నాళ్ళు మళ్ళీ ఆగిపోయాయి.