కలరా నడిపించిన సదస్సులు

ఈ వారం ఇద్దరు పాఠకులు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడిగారు. మొదటివారు ప్రజారోగ్యంలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తున్న యువ వైద్యుడు. రాబోయే సంవత్సరంలో ఏయే సదస్సులకు వెళితే మేలు, ప్రయాణ వ్యయం భరించే సంస్థలేవైనా ఉన్నాయా అని ఆయన ప్రశ్న. రెండవవారు ఒక గిరిజన మండలంలో పనిచేస్తున్న ఏఎన్ఎం. ఆమె అడిగినది చిన్న మాట: "డాక్టరు గారూ, అటువంటి సభలకు మావంటి వారు కూడా వెళ్లవచ్చునా?"

సదస్సుల జాబితా ఇవ్వడం కష్టమైన పని కాదు. అయితే ఆరోగ్యం పేరిట దేశాలన్నీ ఒకచోట కూర్చొనే ఆచారం ఎలా మొదలైనదో తెలిస్తే, ఆ ఇద్దరికీ సమాధానం కొంత తనంతట తానే దొరుకుతుంది. ఆ ఆచారాన్ని మొదలుపెట్టినది వైద్యులు కారు, పాలకులు కారు. కలరా.

మన పల్లెలలో వాంతిభేదులనీ, తెలంగాణలో గత్తర అనీ పిలిచిన ఆ జబ్బు 1817లో బెంగాల్‌లో ప్రబలి, తరువాత ఓడల వెంట, సైన్యాల వెంట పశ్చిమానికి నడిచింది. 1831–32 నాటికి ఐరోపా నగరాలలో శవాల బండ్లు తిరుగసాగాయి. ప్రతి రేవు తనకు తోచిన రోజులు ఓడలను నిలిపివేసేది. ఒకచోట పది రోజులు, ఇంకొకచోట నలభై. సరకు కుళ్లిపోయేది, వర్తకులు దివాలా తీసేవారు, కలరా మాత్రం ఆగేది కాదు. ఈ నష్టం భరించలేక ఫ్రాన్సు పిలుపు ఇవ్వగా, 1851 జూలైలో పారిస్‌లో 12 దేశాలు సమావేశమయ్యాయి. అదే మొదటి అంతర్జాతీయ పారిశుద్ధ్య సదస్సు.

ఒక్కొక్క దేశం నుండి ఒక వైద్యుడు, ఒక దౌత్యవేత్త. ఎవరి ఓటు వారిదే కనుక ఒకే దేశం నుండి వచ్చిన ఇద్దరూ చెరొక వైపు నిలిచినా అడిగేవారు లేరు. ఆరు నెలలు చర్చించారు. కలరా అంటువ్యాధి అవునా కాదా అన్న మొదటి మెట్టు వద్దనే తగవు తెగలేదు. 137 అధికరణలతో సిద్ధమైన ఒప్పందం అమలుకు నోచుకోలేదు. 1859లో మళ్లీ పారిస్‌లోనే రెండవ సదస్సు జరిగింది. దానికి వైద్యులను పిలువనే లేదు, దౌత్యవేత్తలే కూర్చున్నారు. వైద్యుల వాదులాటకు విసిగి ఉంటారని నా అనుమానం. మా వృత్తివారిని ఎరిగినవాడిగా వారిని పూర్తిగా తప్పుపట్టలేను.

ఈ రెండు సదస్సుల నడుమనే, 1854లో, సమాధానం దొరికింది. లండన్‌లో జాన్ స్నో బ్రాడ్ వీధి నీటి పంపు చుట్టూ జరిగిన మరణాలను లెక్కించి, కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపాడు. అదే సంవత్సరం ఫ్లారెన్స్‌లో ఫిలిప్పో పాచీని కలరా మృతుల పేగులలో సూక్ష్మజీవిని చూసి, ఆ విషయం ప్రకటించాడు. ఆయన మాట ఎవరికీ పట్టలేదు. గాలి చెడితేనే జబ్బు వస్తుందన్న నమ్మకం మరి రెండు దశాబ్దాలకు కూడా సదస్సుల మందిరాలను వదలలేదు.

1865లో మక్కా యాత్రికులలో కలరా చెలరేగి వేలాది మంది మరణించారు. ప్రాణాలతో తిరుగుముఖం పట్టినవారి వెంట ఆవిరి ఓడలలో అది ఈజిప్టుకు, అక్కడి నుండి ఐరోపాకు చేరింది. మరుసటి ఏడు కాన్‌స్టాంటినోపుల్ నగరంలో జరిగిన మూడవ సదస్సు ఒక తీర్పు చెప్పింది: కలరా పుట్టిల్లు ఇండియా, అందులోనూ గంగానది ముఖద్వార ప్రాంతం. అంటే మన దేశం ముద్దాయి బోనులో నిలిచింది. మరి ముద్దాయి తరఫున మాట్లాడినది ఎవరు? బ్రిటిష్ అధికారులు. వారికి మన ప్రాణాల కన్న ఓడల రాకపోకలు ముఖ్యం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్న తరువాత ఆ దారిన పోయే ఓడలలో అత్యధికం బ్రిటన్‌వే. క్వారంటైన్ అన్న మాట వినబడితే చాలు, వారి ప్రతినిధులు లేచి నిలబడేవారు. ఇండియా ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనర్ కనింగ్‌హామ్ అయితే, కలరా మనిషి నుండి మనిషికి అంటుకోదని చివరి వరకు వాదించాడు. ఆ వాదన సాగుతున్న కాలంలోనే, ధాత నామ సంవత్సరపు కరువులో, కర్నూలు, కడప, బళ్లారి సీమలతో సహా మద్రాసు రాజధాని అంతటా ఆకలితో కృశించిన జనాన్ని కలరా లక్షల సంఖ్యలో ఊడ్చివేసింది.

రాబర్ట్ కాక్ 1883 చివరలో కలకత్తాకు వచ్చాడు. కొన్ని వారాలలోనే కలరా క్రిమిని వేరుచేసి పెంచగలిగాడు. జనం స్నానం చేసి, బట్టలు ఉతికి, తాగడానికి ముంచుకొనే ఒక చెరువులోనూ దానిని కనుగొన్నాడు. ఇక తగవు తీరినట్లే అని మనకు తోస్తుంది. 1885లో రోములో ఆరవ సదస్సు జరిగింది. కాక్ స్వయంగా జర్మనీ ప్రతినిధిగా ఆ మందిరంలో కూర్చున్నాడు. కలరాకు కారణమేమిటన్న సైద్ధాంతిక చర్చ ఇక్కడ వద్దని బ్రిటిష్, బ్రిటిష్ ఇండియా ప్రతినిధులు పట్టుబట్టారు. వారి మాటే నెగ్గింది! కలరాను అరికట్టడానికి కూడిన సభలో, కలరా క్రిమిని కనుగొన్నవాడు ఎదురుగా ఉండగా, దాని ఊసు ఎత్తకుండా సభ ముగిసింది. వైద్య చరిత్ర చదివిన రోజులలో నన్ను ఇంతగా బాధించిన ఘట్టం మరొకటి లేదు.

మొట్టమొదటి ఒప్పందం చివరకు 1892లో వెనిస్‌లో కుదిరింది. మొదటి సదస్సు నుండి 41 సంవత్సరాలు. అదీ ప్రధానంగా సూయజ్ కాలువ గుండా పడమటికి పోయే ఓడల గురించి మాత్రమే. బొంబాయిలో ప్లేగు వచ్చిన తరువాత 1897లో వెనిస్‌లోనే ఇంకొక సదస్సు జరిగింది. దాని ఒత్తిడి నీడలో అదే ఫిబ్రవరిలో మన దేశంలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. 2020లో కోవిడ్ సమయంలో ప్రభుత్వాలు బయటకు తీసినది ఆ పాత చట్టాన్నే. అదే 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అందుకు ఏ సదస్సూ అవసరం కాలేదు.

ఇంతవరకు చదివి, సదస్సులంటే వృథా ప్రయాస అని ఈ వైద్యుడు తేల్చేశాడని అనుకోకండి. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి నిబంధనావళి రాస్తున్నప్పుడు ఆరోగ్యం ఎజెండాలో లేదు. చైనా ప్రతినిధి వర్గ నాయకునికి కార్యదర్శిగా వచ్చిన స్జెమింగ్ స్జె వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన బ్రెజిల్‌కు చెందిన డాక్టర్ డి పౌలా సౌజాతో కలిసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటి కావాలని, అందుకు ఒక సదస్సు పిలవాలని ప్రతిపాదించి నెగ్గించాడు. ఆ సదస్సును పిలిచే బాధ్యత ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలిపై పడింది. ఆ మండలి మొదటి అధ్యక్షుడు మన కర్నూలులో పుట్టిన ఆర్కాటు రామస్వామి మొదలియార్. 1946 జూలై 22న న్యూయార్క్‌లో 61 దేశాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంపై సంతకాలు చేశాయి. 1948 ఏప్రిల్ 7న అది అమలులోకి వచ్చింది. ఏటా ఆ రోజున మనం ప్రపంచ ఆరోగ్య దినం జరుపుకొనేది అందుకే.

రామస్వామి మొదలియార్‌కు కవల సోదరుడు లక్ష్మణస్వామి. ఆయన ప్రసూతి వైద్యుడు, మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 ఏళ్లు ఉపాధ్యక్షుడు. 1961లో ప్రపంచ ఆరోగ్య మహాసభ న్యూఢిల్లీలో జరిగినప్పుడు అధ్యక్ష పీఠంపై కూర్చున్నది ఆయనే. అంతకు ముందే, 1950లో, మన కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ జెనీవాలో ఆ పీఠం అధిష్ఠించిన తొలి మహిళ అయ్యారు. 1866లో బోనులో నిలిచిన దేశానికి నూరేళ్లు తిరగకముందే అధ్యక్ష స్థానం దక్కింది.

ఇక నేను చూసిన కాలానికి వస్తాను. 1978 సెప్టెంబరులో నాటి సోవియట్ కజకిస్తాన్‌లోని ఆల్మా-ఆటా నగరంలో 134 దేశాల ప్రభుత్వాలు సమావేశమై, 2000 సంవత్సరం నాటికి అందరికీ ఆరోగ్యం అన్న లక్ష్యాన్ని ప్రకటించాయి. ప్రాథమిక ఆరోగ్య సేవలే దానికి దారి అన్నాయి. నేను అప్పటికి కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిని. ఆ నినాదాన్ని మా ఆరోగ్య కేంద్రం గోడపై నీలిరంగుతో రాయించాము. ఏడాది తిరగకముందే ధనిక దేశాల నిపుణులు ఇటలీలోని బెలాజియోలో కూడి, అందరికీ అన్నీ సాధ్యం కాదు, చౌకగా అయ్యే కొన్నింటిని ఎంచుకుందాము అన్నారు. ఆల్మా-ఆటా ఆశయాన్ని కుదించారని మావంటి వారికి కోపం వచ్చింది. కాని అలా ఎంచుకున్న వాటిలో ఒకటి ఓఆర్ఎస్.

దాని కథ కూడా కలరా కథే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగాఁవ్‌లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ములలో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం వరకు ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

1980ల తొలి సంవత్సరాలలో ఒక వేసవి. అతిసార నివారణపై జిల్లా కేంద్రంలో రెండు రోజుల సమావేశం, వైద్యాధికారులందరూ తప్పక రావాలని ఆదేశం. నేను బయలుదేరే ముందు రోజే ఒక ఊరి నుండి విరేచనాల కబురు వచ్చింది. సెలవు కోరితే సమావేశమే ముఖ్యమన్నారు. వెళ్లాను. ఓఆర్ఎస్ గురించి చక్కగా చెప్పారు. ప్యాకెట్లు నింపిన సంచి ఒకటి చేతికిచ్చారు. రెండవ రోజు రాత్రి చివరి బస్సులో తిరిగి వచ్చేసరికి, కేంద్రంలోని ఎనిమిది సెలైన్ సీసాలూ అయిపోయాయి. ఆ ఊరిలో ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ పోయారు. వారిని బ్రతికించగల పొడి ఆ రెండు రోజులూ నా సంచిలో ఉన్నది. మరునాడు తెల్లవారకముందే ఆ ఊరి మంత్రసానిని కూర్చోబెట్టి, బిందెలో నీరు కాచి చల్లార్చి, లీటరుకు ఒక ప్యాకెట్ కలపడం నేర్పాను. ఆ తరువాత అక్కడ ఎవరూ మరణించలేదు. ఆ సమావేశాన్ని తిట్టాలో, దానికి దండం పెట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

మరుసటి ఏడు అటువంటి సమావేశానికే, నాతోపాటు మా ఆరోగ్య కార్యకర్తను కూడా రానివ్వమని రాశాను. ఆ హోదా వారికి అనుమతి లేదని జవాబు వచ్చింది.

కనుక యువ వైద్యునికి నా మాట. ప్రపంచ ఆరోగ్య మహాసభ ప్రతి ఏటా మే నెలలో జెనీవాలో జరుగుతుంది. అది ప్రభుత్వాల సభ అయినా, చర్చలను ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ముందు అది చూడండి. మన దేశంలో 1956 నుండి ఉన్న భారతీయ ప్రజారోగ్య సంఘానికి ఏటా మహాసభలు ఉంటాయి. ప్రివెంటివ్ అండ్ సోషల్ మెడిసిన్ అధ్యాపకుల సంఘానికీ ఉంటాయి. పత్రం అంగీకరించబడిన తరువాతే ఖర్చు సంగతి అడగండి. మీరు ఎన్నడూ వినని సంస్థ నుండి, మీరే ప్రధాన వక్త అంటూ, ముందుగా రుసుము కట్టమంటూ వచ్చే ఈమెయిళ్లను తీసిపారేయండి. వాటితో మోసపోయిన ప్రొఫెసర్లు నాకు తెలుసు. ఏ సదస్సుకైనా వెళ్లే ముందు, దానికి డబ్బు ఎవరు పెడుతున్నారో, ఎవరిని పిలవలేదో చూసుకోండి.

ఏఎన్ఎం గారికి. వెళ్లవచ్చునమ్మా. 2022లో జెనీవా మహాసభలో మన ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ప్రకటించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మీ నోటు పుస్తకంలో గత మూడు వర్షాకాలాల విరేచనాల లెక్క ఊరివారీగా, బావివారీగా ఉన్నదని రాశారు. జాన్ స్నో చేసినదీ అటువంటి లెక్కే. రోగుల పేర్లు కనబడకుండా ఆ పేజీలు ఫోటోలు తీసి పంపండి. మీ పై అధికారి అనుమతి కోరుతూ రాయవలసిన లేఖ నమూనా నేను పంపుతాను. ఆంగ్లంలోకి మార్చే పని నాది. సభలో నిలబడి చెప్పవలసింది మాత్రం మీరే. తెలుగులో చెప్పినా సరే, పక్కన నిలబడి అనువదించడానికి నేను వస్తాను.