కోయబిడ్డ చదువు ఏ మాటతో ఆరంభము కావలెను?



భద్రాచలం అడవి అంచున, గోదావరికి ఇరు దరులను కాపురముండు కోయవారి భాషలో 'ఏర్' అనగా నీరు. తెలుగులో 'ఏరు' అనగా పారెడు వాగు. దాహముగొన్న కోయబిడ్డ బడిలో 'ఏర్' అని అడిగినయెడల, మైదానమునుండి వచ్చిన పంతులుగారు వాగువైపు చూతురు గాని కడవవైపు చూడరు. ఇది నవ్వుకొనుటకు చెప్పిన మాట కాదు. ఆరేండ్ల బిడ్డ మొదటి దినమున నోరు విప్పును. తన మాట అక్కడ చెల్లదని తెలిసిన పిమ్మట నోరు మూసికొనును. కొన్ని నెలలకు పలక ఇంట పెట్టి పశువుల వెంట పోవును. ఊరివారు ఆ బిడ్డకు 'మొద్దు' అని పేరు పెట్టుదురు. ఆ పేరు వెనుక నూటనలువది యేండ్ల పైబడిన చరిత్ర యున్నది. దానిని కొంత మీతో చెప్పవలెనని నా కోరిక.

మన సంఘములకు తెలిసిన స్థలముతోనే మొదలుపెట్టుదము. 1860 ప్రాంతమున దుమ్ముగూడెమువద్ద గోదావరి పడవ ప్రయాణమునకై ఆనకట్ట పనులు సాగుచుండెను. ఆ పనులు చూచుచుండిన హేగ్ అను సైనికాధికారి అడవిలోని కోయలను చూచి, వీరికి సువార్తయు చదువును చెప్పువారు లేరే యని భారపడెను. ఆయన ప్రోత్సాహముచేత ఐ. వెంకటరామరాజుగారను తెలుగు విశ్వాసి సర్కారు కొలువు విడిచి, చర్చి మిషనరీ సొసైటీ పక్షమున కోయల మధ్య మొదటి పరిచారకుడాయెను. 1871లో దొరతనమువారు ఆ పడవకాలువ పనులను మధ్యలోనే మానివేసిరి. రాళ్లు మిగిలెను, కూలీలు వెళ్లిపోయిరి, మిషను మాత్రము నిలిచెను. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు భద్రాచలం, రేకపల్లి తాలూకాల జనులనుగూర్చి 1876 మొదలు 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో వ్యాసములు వ్రాసిరి. ఆ శతాబ్దము ముగియకమునుపే కోయభాషలో సువార్త భాగము అచ్చుపడెను. పెంతెకొస్తు దినమున ప్రతివాడును తన తన భాషలో వినెనని చదువుకొన్నవారికి ఈ పని వింతగా తోచలేదు.

అయితే సర్కారు తలంపు వేరుగా నడిచెను. 1882లో లార్డు రిప్పన్ దొరతనమున విలియం హంటర్ అధ్యక్షుడుగా విద్యా కమీషనొకటి ఏర్పడెను. కొండజాతుల బిడ్డలనుగూర్చి అది కొన్ని మంచి సిఫారసులు చేసెను: జీతము కట్టలేనివారికి జీతము మాఫీ చేయవలెను, ఆ జాతులలో చదువుకొన్నవారిని వారి మధ్యనే ఉపాధ్యాయులుగా ఉంచుటకు యత్నింపవలెను. కాని దానితోకూడ మరియొకటి చెప్పెను. వారి భాషకు వ్రాత లేనియెడల, లేక అది చదువుకు తగనియెడల, చుట్టుపట్ల నుండు హిందూ జనుల భాషలోనే బోధింపవలెను. వినుటకు న్యాయముగానే యున్నది. అయినను 'తగదు' అని తీర్పు చెప్పువాడెవడు? కోయవాడు కాడు, దఫ్తరులోని అధికారి. ఆ ఒక్క వాక్యము చాలెను. ఏజెన్సీ బడులలో కోయభాషకు చాలకాలము చోటు దొరకకపోయెను.

ఆవలి దరిన నైజాము రాజ్యము. ఇచ్చట భద్రాచలం తాలూకా 1874లో మధ్య పరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరగా, అచ్చట కోయలు హైదరాబాదు సర్కారు క్రింద నుండిరి. పై తరగతుల చదువు ఉర్దూలో సాగెడిది. ఒకే జాతి, ఒకే భాష, నడుమ ఒక నది. రెండు దరుల బిడ్డలకును బడిభాష పరాయిదే.

నైజాము రాజ్యములోనే ఒక వింత జరిగెను. 1940లో ఆదిలాబాదు అడవులలో జోడేఘాటువద్ద కొమురం భీము సర్కారు పోలీసుల కాల్పులలో చనిపోయెను. ఆ గోండుల అసంతృప్తికి కారణమేమని తెలిసికొనుటకు సర్కారువారు హైమెండార్ఫ్ అను పండితుని సహాయము తీసికొనిరి. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. గోదావరి కొండలలోని రెడ్ల మధ్య నివసించి వారినిగూర్చి గ్రంథము వ్రాసినవాడు. ఆయన సలహామీద 1943లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము తెరవబడెను. అచ్చట గోండు యువకులే పంతుళ్లైరి. గోండీభాషలోనే వాచకములు నాగరి లిపిలో అచ్చువేయబడెను. ఒక పండితుడు గుడిసెలో కూర్చుండి వినిన సంగతి సర్కారు ఉత్తరువుగా మారుట మన దేశమున అరుదు, అందుచేత దీనిని విశేషముగా చెప్పుచున్నాను. కాని ఆ రాజ్యము పోయిన తరువాత గోండీ వాచకములును పక్కకు పోయెను.

1950లో రాజ్యాంగము ఐదవ షెడ్యూలు ద్వారా ఈ ప్రాంతములకు ప్రత్యేక రక్షణ నిచ్చెను. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలం దానిలో కలిసెను. ఆశ్రమ పాఠశాలలు వచ్చెను. అన్నము, బట్ట, పలక దొరకెను, అది చిన్న మేలు కాదు. భాష మాత్రము తెలుగే. 1969లో స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు గొమ్ము కోయల భాషకు వ్యాకరణము ప్రచురించెను. వ్యాకరణము గ్రంథాలయమునకు చేరెను గాని బడికి చేరుటకు మరి ముప్పదియైదేండ్లు పట్టెను.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజన భాషలలో, 240 బడులలో, మాతృభాషతో చదువు మొదలుపెట్టు పథకమును ఆరంభించెను. వాటిలో కోయయు ఒకటి. అక్షరములు తెలుగువే, మాటలు కోయవి. బిడ్డ తన మాటను వ్రాయనేర్చి, మెల్లమెల్లగా తెలుగులోనికి దాటును. వాగుమీద దుంగ వేసినట్లు! దీనికి నాలుగేండ్ల ముందు, 2000 జనవరి 10న, 3వ నెంబరు జీవో వచ్చియుండెను. షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే ఇయ్యవలెనని దాని ఆజ్ఞ. మైదానపు పంతుళ్లు బడికి రాకుండుట అందులో చెప్పిన కారణములలో ఒకటి. ఈ రెండును కలిసినప్పుడే పని జరుగును. పుస్తకమున్నను పంతులుకు భాష రాకపోయిన ఏమి లాభము? స్థానిక గిరిజనుడైనంత మాత్రమున కోయ వచ్చునని కూడ చెప్పజాలము. లంబాడీ ఉపాధ్యాయునికి కోయ పరాయిదే. జీవో ఈ భేదమును చూడలేదు.

మరియొక అభ్యంతరము కోయ తలిదండ్రులనుండియే వచ్చును. "మా భాష ఇంట వచ్చును గదా, బడిలో తెలుగు, ఇంగ్లీషు చెప్పండి" అందురు. సంతలో మోసపోయినవాని మాట అది, కొట్టివేయరాదు. అయితే మాతృభాషతో ఆరంభించుట తెలుగును మానుట కాదు. పునాది ఎక్కడ త్రవ్వవలెనను ప్రశ్న మాత్రమే.

2009 విద్యాహక్కు చట్టము, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో జరుగవలెనని వ్రాసెను. సాధ్యమైనంతవరకు! హంటరు కమీషను 'తగనియెడల' అన్నమాటకు ఇది దూరపు చుట్టమువలె నున్నది. 2014లో రాష్ట్రము రెండైనది. భద్రాచలం చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయెను, పట్టణము తెలంగాణలో మిగిలెను. నది పాత సరిహద్దైతే, ఇప్పుడు కోయపల్లెల నడుమ క్రొత్త సరిహద్దు పడెను.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 3వ నెంబరు జీవోను కొట్టివేసెను. నూటికి నూరు పదవులు ఒకరికే కేటాయించుట రాజ్యాంగమునకు సమ్మతము కాదనెను. అదే సంవత్సరము జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానము, కనీసము ఐదవ తరగతివరకు వీలైనచోట మాతృభాషలో బోధింపవలెనని పలికెను. మూడు నెలల ఎడమున రెండు మాటలు. జీవో క్రింద అప్పటికే నియమింపబడినవారి కొలువులను న్యాయస్థానము కాపాడెను గనుక వారు నేడును బడులలో నున్నారు. ఒక్కొక్కరు పదవీ విరమణ చేయుచున్నకొలది, ఆ కుర్చీలో 'ఏర్' అనగా నీరని ఎరిగినవాడు కూర్చుండునా, ఎరుగనివాడు కూర్చుండునా అనునది రెండు రాష్ట్రముల ప్రభుత్వములు ఇకమీదట వ్రాయు నియమములచేత తేలవలసియున్నది.