పాచిక గీసిన ఏరు

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాదు నడుమగా సాగి, సూర్యాపేటకు పడమట సోలిపేట ఆనకట్ట దాటి, మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దాని పొడవు సుమారు 240 కిలోమీటర్లని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పొడవును ఎంత కర్రతో కొలిచారన్నది మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. కిలోమీటరు కర్రతో కొలిస్తే చిన్న చిన్న మెలికలన్నీ లెక్కలోంచి జారిపోతాయి. పది మీటర్ల తాడు పట్టుకుని గట్టు వెంబడి నడిస్తే ప్రతి మలుపూ లెక్కకొస్తుంది, నది పొడవు పెరుగుతుంది. ఈ చిక్కును గణితం తీవ్రంగా పట్టించుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. అదే శతాబ్దంలో, ఈ గణితంతో ఏ సంబంధమూ లేని ఆటగాళ్ళు, పాచికలు వేసి కొండలూ అడవులూ సొరంగాలూ పుట్టించడం మొదలుపెట్టారు. ఈ రెండు దారులూ ఎక్కడ కలిశాయన్నదే ఇక్కడి కథ.

పాచికకూ లెక్కకూ మన కథల్లో పాత చుట్టరికమే ఉంది. నన్నయ భారతంలోని అరణ్యపర్వంలో నలోపాఖ్యానం వస్తుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు. ఆ రాజు దారిలో ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడు దిగి లెక్కపెడితే సరిపోతుంది. ఆ లెక్కా పాచికల మర్మమూ ఒకే విద్యకు చెందినవి. నలుడు దాన్ని నేర్చుకుని, బదులుగా అశ్వవిద్య నేర్పుతాడు. సంభావ్యతా గణితం చరిత్రను 1975లో పుస్తకంగా రాసిన తత్వవేత్త ఇయాన్ హాకింగ్ ఈ ఘట్టం దగ్గర ప్రత్యేకంగా ఆగాడు. కొమ్మను చూసి చెట్టును అంచనా కట్టడమూ, పాచిక పడే తీరును ఎరగడమూ ఒకే విద్య అని ఇంత పాత కథ చెప్పడం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది.

నల్లగొండ పల్లెల్లో ఆ విద్య అరుగుల మీద ఆడింది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ ఎటు పడే అవకాశమూ సమానమనుకుంటే, పదహారు పందేల్లో ఒకటి చెమ్మ, ఒకటి అష్ట, ఆరు రెండ్లు. నిజం గవ్వ అంత నిష్పక్షపాతి కాదు, దానికి బొజ్జ ఉంది. బాగా ఆడేవాళ్ళకు ఆ తేడా వేళ్ళకే తెలుసు. పులి-మేకలోనైతే పాచికే లేదు. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. అందులో దూరమంటే కంటికి కనిపించేది కాదు. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల మధ్య గీత లేకపోతే పులికి అది దూరమే. దూరాన్ని నిర్ణయించేది ఆట నియమం. ఈ మాట ముందుముందు అవసరమవుతుంది.

గణితం దారి 1904లో స్వీడన్‌కు చెందిన హెల్గె ఫాన్ కోఖ్ గీసిన గీతతో స్పష్టమవుతుంది. ఒక గీతను మూడు భాగాలు చేసి, నడిమి ముక్క తీసేసి, అక్కడ గోపురంలా రెండు ముక్కలు నిలపాలి. వచ్చిన నాలుగు ముక్కల మీదా మళ్ళీ అదే పని. ఇలా ఎడతెగకుండా. కర్రను మూడో వంతుకు తగ్గించిన ప్రతిసారీ ముక్కల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. మామూలు గీతకైతే మూడు రెట్లు, చదునైన పలకకైతే తొమ్మిది రెట్లు. ఇది ఆ రెంటికీ మధ్య. 1918లో ఫెలిక్స్ హౌస్‌డోర్ఫ్ ఆ మధ్యనున్నదాన్ని కూడా అంకెతో చెప్పవచ్చని చూపించాడు. కోఖ్ గీత పరిమాణం సుమారు 1.26. గీతకుండే ఒకటీ కాదు, పలకకుండే రెండూ కాదు.

ఒకే నియమాన్ని మళ్ళీమళ్ళీ వేస్తూ పోవడం తెలుగింటి వాకిలికి కొత్త కాదు. మెలికల ముగ్గు చేసే పని అదే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో తమిళుల ముగ్గులైన కోలాలకు వ్యాకరణం రాసి ప్రచురించారు. మొక్కల పెరుగుదల కోసం లిండెన్‌మేయర్ 1968లో కనిపెట్టిన తిరగరాత నియమాలతో కూడా ముగ్గులు గీయవచ్చని తర్వాతి పరిశోధకులు చూపారు. సంక్రాంతి వాకిట్లో చేతివేళ్ళు చేసే ఆ పని కంప్యూటర్ శాస్త్రంలో గౌరవంగా చోటు సంపాదించుకుంది.

నేల దగ్గరికి ఈ గణితాన్ని తెచ్చినవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. యుద్ధాలకూ సరిహద్దుల పొడవుకూ సంబంధం వెతుకుతూ, స్పెయిన్ తన సరిహద్దును 987 కిలోమీటర్లంటే పోర్చుగల్ అదే సరిహద్దును 1,214 అంటోందని గమనించాడు. ఎవరూ అబద్ధమాడలేదు, కొలబద్దలు వేరు. ఆయన పోయిన తర్వాత 1961లో అచ్చయిన ఆ వ్యాసం బెన్వా మాండెల్‌బ్రాట్ కంటపడింది. 1967లో ‘సైన్స్’ పత్రికలో మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం ఎంత పొడవని అడిగి, దాని పడమటి తీరపు పరిమాణం 1.25 దాకా ఉంటుందని చెప్పాడు. దక్షిణాఫ్రికా నున్నటి తీరానికి 1.02. ‘ఫ్రాక్టల్’ అన్న పేరు 1975లో వచ్చింది.

నదుల లెక్క ఇంకా ముందే మొదలైంది. 1945లో రాబర్ట్ హోర్టన్ ఏరులకు తరగతులు కట్టాడు. ఆర్థర్ స్ట్రాలర్ దాన్ని సరిదిద్దాక పద్ధతి తేలికైంది. ఉపనది లేని వాగు ఒకటో తరగతి. రెండు ఒకట్లు కలిస్తే రెండు, రెండు రెండ్లు కలిస్తే మూడు. పై తరగతికి పోయేకొద్దీ ఏరుల సంఖ్య సాధారణంగా మూడు నుంచి ఐదో వంతుకు పడిపోతుంది. 1957లో జాన్ హ్యాక్ మరొకటి చూశాడు. పరీవాహక ప్రాంతం నాలుగు రెట్లయితే నది పొడవు రెండు రెట్లు కావాలి కదా. కానీ 2.3 రెట్లవుతోంది. మాండెల్‌బ్రాట్ దాన్ని నది మెలికలకు ఆపాదించి, నదీరేఖ పరిమాణం 1.2 అని చదివాడు.

అసలు ఆట 1962లో. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో లూనా లియొపోల్డ్, వాల్టర్ లాంగ్‌బైన్ గళ్ళ కాగితం తీసుకున్నారు. ఒక్కో గడిలోని నీరు ఎటు పారాలో విధికే వదిలేశారు. పెట్టుకున్న షరతులు కొన్నే, నీరు తిరిగి తన దారిలోకే రాకూడదన్నది వాటిలో ఒకటి. కాగితం నిండేసరికి అది నిజమైన నదుల పటంలా కనిపించింది, హోర్టన్ లెక్కలకూ సరిపోయింది. వాన, రాయి, వాలు ఏవీ చెప్పకుండానే! పాచిక ఏరును గీసింది. ఈ చరిత్రలో ఇంతకంటే అందమైన ప్రయోగం లేదు.

ఆటగాళ్ళ దారి సైన్యం నుంచి వచ్చింది. 1824లో ప్రష్యా అధికారి రైస్‌విట్జ్ పటం మీద యుద్ధక్రీడ రూపొందించాడు. దెబ్బ ఎంత తగిలిందో పాచిక చెప్పేది, వివాదమొస్తే మధ్యవర్తి తీర్చేవాడు. అమెరికాలో 1950లలో చార్లెస్ రాబర్ట్స్ యుద్ధక్రీడలను పెట్టెల్లో పెట్టి అమ్మాడు. 1961 నాటికి చదరపు గళ్ళు పోయి ఆరుపలకల గళ్ళు వచ్చాయి. కారణం దూరం. చదరంలో మూలగా వెళ్ళే అడుగు 1.41 అడుగులవుతుంది. ఆరుపలకల గడి నుంచి ఆరు పొరుగు గళ్ళూ ఒకే దూరం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు మాత్రం లోకమంతా తానై కథ నడుపుతారు. హరికథలో భాగవతారు అన్ని గొంతులూ పలికినట్టే, కాకపోతే ఇక్కడ శ్రోతలూ జవాబిస్తారు, కథ మలుపు పాచిక తేలుస్తుంది. అడవుల్లో ప్రయాణానికి ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే 1972 నాటి ఆట పటాన్ని వాడుకోమని ఆ నియమాలు సూచించాయి. 1979లో వచ్చిన నిర్వాహకుల పుస్తకంలో అనుబంధాలు మరీ ముందుకెళ్ళాయి. పాచిక వేసి పట్టిక చూస్తే సొరంగం ఎటు తిరిగిందో, ముందున్నది కొండో చిత్తడో తేలుతుంది. గైగాక్స్ పట్టికా, లియొపోల్డ్ గళ్ళ కాగితమూ ఒకే ఆలోచన.

దూరం తగాదా మాత్రం తీరలేదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2000 నాటి మూడో కూర్పులో మూలగా వేసే మొదటి అడుగు ఒకటి, రెండోది రెండు. సగటున ఒకటిన్నర, నిజానికి దగ్గరే. 2008 నాటి నాలుగో కూర్పు మూలనూ ఒక్క అడుగే అంది. దాంతో ఒక చోటు నుంచి సమాన దూరంలో ఉన్న గళ్ళన్నీ గుర్తుపెడితే వృత్తం రాదు, చదరం వస్తుంది. పులి-మేక ఆడినవారికి ఇది వింతగా తోచదు.

రెండు దారులూ తెర మీద కలిశాయి. 1980లో లోరెన్ కార్పెంటర్ కంప్యూటర్‌తో కొండల మీదుగా ఎగిరే ‘వోల్ లిబ్ర’ చిత్రం చూపించాడు. ఫూర్నియే, ఫస్సెల్‌తో కలిసి రాసిన 1982 వ్యాసంలో కిటుకు ఉంది. గీత నడిమధ్య చోటును యాదృచ్ఛికంగా పైకో కిందికో జరపాలి, వచ్చిన రెండు సగాల్లో అదే పని తక్కువ మోతాదులో చేయాలి. మోతాదు ఎంత తగ్గుతుందన్నదే కొండ మొరటుదనం. ప్రతిసారీ సగమైతే గీత నున్నబడుతుంది. 0.7 వంతుకు తగ్గితే పరిమాణం 1.5.

ఆటగాళ్ళ సంచిలోని పాచికలకు పన్నెండు, ఎనిమిది, ఆరు, నాలుగు ముఖాలుంటాయి. వాటిని ఆ వరుసలో వాడుతూ, పైకో కిందికో తేల్చడానికి నాణెం ఎగరేస్తే, మోతాదు ప్రతి మెట్టులోనూ ఇంచుమించు 0.7 వంతే అవుతుంది. గళ్ళ కాగితం, ఒక నాణెం, నాలుగు పాచికలు ఉంటే కోదాడ బడిపిల్లలు కూడా 1.5 పరిమాణం గల కొండవరుసను గీయగలరు. అసలైన నేల ఇంకాస్త నున్నన. కొండల ఉపరితలానికి సాధారణంగా 2.2 చుట్టుపక్కల అంటారు, అంటే గీతకైతే 1.2.

తెలుగు నేల నుంచి ఈ పనిలోకి వచ్చినవారిలో బెహరా శేషాద్రి దయాసాగర్ ముఖ్యులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, బెంగుళూరు భారతీయ గణాంక సంస్థలో ఆచార్యులయ్యారు. ఉపగ్రహ చిత్రాల్లోని చెరువుల ఆకారాలను గళ్ళుగా విడగొట్టి, ఒడ్డు నుంచి పొరపొరగా ఒలుచుకుంటూ పోతే చివరికి మిగిలే వెన్నెముక గీతను వెలికితీయడం ఆయన పద్ధతుల్లో ఒకటి. ఫ్రాక్టల్ ఆకారపు బేసిన్‌లో ఆ వెన్నెముక ఏరుల జాలంగా కొమ్మలు వేస్తుంది. ఇక్కడ పాచిక లేదు, నియమం మాత్రమే. అంతర్జాతీయ గణిత భూశాస్త్ర సంఘం 2011లో ఆయనకు జార్జ్ మాథెరాన్ ఉపన్యాస గౌరవమిచ్చింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నేల మీద ఇప్పుడు రెండు చెట్లున్నాయి. ఒకటి మూసీ, పాలేరు, వాటి వాగులు. విధి గీసిన ఆ చెట్టులో నీరు కొమ్మల నుంచి మానుకు చేరుతుంది. రెండోది 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ. ప్రధాన కాలువ, మేజరు, మైనరు, పంట కాలువ వరుసగా ఇంజనీర్లు గీసిన ఆ చెట్టులో నీరు మాను నుంచి కొమ్మలకు పోతుంది. ఒకప్పుడు చెరువు తూము దగ్గర నీరటికాడు నడిపిన వంతుల ఆటను ఇప్పుడు కాలువ తలుపుల దగ్గర ‘ఆన్ అండ్ ఆఫ్’ పద్ధతి నడుపుతోంది. కొన్ని రోజులు వదలడం, కొన్ని రోజులు కట్టేయడం. నీరు తక్కువైన ఏడాది చివరి కొమ్మ మీది వరి మడి తన వంతు కోసం ఎదురుచూస్తుంది.